మళ్ళీ ఆబు నెల ముప్పయ్యో రోజే

ఆబు నెల, ఇరవై ఎనిమిదో రోజు

దీపం వెలిగింది. గాలి పడమర నుంచి. ఆకాశం తెల్లగా, సున్నం కొట్టినట్టే ఉంది.

తూము దగ్గర దీపం చూసేవాళ్ళు ఈ మూడు ముక్కలు రాస్తే చాలంటారు. నాకు చాలదు. కంగారు ఇక్కడ పెడితే కాస్త నిదానిస్తుంది. చదివింది మూడో తరగతి. తప్పులుంటే ఉండనీ.

మా యెమీమా నీళ్ళ కింద పంపుల గదిలో ఉంది. నా కూతురి కూతురు. నెలకి ఐదుగురు దిగుతారు. కొత్త నెల తలరోజున తూము తలుపు ఎత్తి, వాళ్ళని బుట్టలో పైకి లాగి, ఇంకో ఐదుగుర్ని దింపుతారు. కింద పంపులు ఆడించకపోతే కరకట్టకి ఇవతల మా వీధులు, ఇటుక బట్టీలు, వరి మళ్ళు అన్నీ సముద్రంలో కలిసినట్టే. రెండు రోజుల్లో ఆబు అయిపోతుంది, ఏలూలు వస్తుంది. పిల్ల పైకొస్తుంది. వచ్చేదాకా నాకు ముద్ద దిగదు.

ఇవాళా మాటల గొట్టం దగ్గర కూచున్నాను. బొటనవేలు దూరేంత గొట్టం. మాట దిగుతుంది గాని మెతుకు దిగదు.

"మీమా, తిన్నావా?"

"తిన్నా అమ్మమ్మా. గంజిలో నా మొహం కనపడుతోంది. అందంగానే ఉన్నాలే."

"తల తుడుచుకుని పడుకో. నెమ్ము చేస్తుంది."

"ఇక్కడ గోడలే కారుతున్నాయి. ఏం తుడవను, గోడల్నా?"

పక్కన యాహేలు నవ్వాడు. దానితోపాటు దిగిన కుర్రాడు. నవ్వుతున్నారంటే బాగున్నారనే గదా. కాని నవ్వు చివర మీమా దగ్గింది. ఒక్కసారే. పొలమారిందేమో. పొలమారిందనే రాస్తున్నాను.

ఆబు నెల, ముప్పయ్యో రోజు

దీపం వెలిగింది. గాలి లేదు. ఆకాశం సున్నం.

సాయంత్రం కొత్త చంద్రుణ్ణి చూడ్డానికి వీధంతా చూపుల దిబ్బ ఎక్కాం. వానాకాలం మబ్బయితే ఏదో ఒక మూల చెదురుతుంది. ఇది మబ్బు కాదు. ఎండ తగ్గిస్తామని ఎక్కడి దొరలో పైన పొగ చల్లే ఓడలు తిప్పుతారు. ఏటా పల్చగా పూసేవాళ్ళు, ఈ ఏడు చిక్కగా పూశారు. సూర్యుడే ఉడకని గుడ్డులా కనపడుతున్నాడు. గోరు ముక్కంత చంద్రుడు ఇక ఏం కనపడతాడు?

ఎవరికీ కనపడలేదు.

దిగి వస్తుంటే పక్కింటి సాదోకు అన్నాడు, "వదినా, అన్నయ్యకి ఇంకో పూట కూడా భోజనం పెట్టాల్సిందేగా."

పాత మట్టిపలకల లెక్కలో ఆబుని నిప్పుల నెల అంటారు. గుమ్మంలో దీపం పెట్టి, పోయినవాళ్ళని ఇంటికి పిలుచుకుంటాం. నెల పొడుగునా ఓ ముద్ద తీసి పెడతాం. ఏలూలు తలరోజున సాగనంపుతాం.

"బతికున్నన్నాళ్ళూ నెల రోజులు వరుసగా ఇంట్లో ఉన్న మనిషి కాదు మీ అన్నయ్య. ఇప్పుడు అలవాటు పడతాడేమో" అన్నాను. సాదోకు నవ్వాడు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వింది తప్పేమోనని భయం వేసింది.

ఆబు నెల, మళ్ళీ ముప్పయ్యో రోజు

నెలపలక మీద చిల్లులు ముప్పయ్యే ఉంటాయి. రోజుకో చిల్లుకి మేకు మారుస్తారు. చివరి చిల్లు తర్వాత కొయ్య. ఇద్దరు మనుషులు చంద్రుణ్ణి కళ్ళారా చూసి, నెలపెద్దల ముందు చెప్పేదాకా మేకు అక్కడే ఉంటుంది. కాబట్టి నిన్న ముప్పయ్యో రోజు, ఇవాళా ముప్పయ్యో రోజు.

ఎప్పుడైనా ఒకటి రెండు రోజులు ఇలా ఆగడం మామూలే. నాకే తొందర.

ఆబు నెల, ఇంకా ముప్పయ్యో రోజే

ఇలా ఎన్నోదో రాయకూడదట. రాస్తే లెక్క అవుతుందట.

వీధి చివర రాహేలు కోడలు కన్నది. మగపిల్లవాడు. ఎనిమిదో రోజున పేరు పెట్టాలి. ఎనిమిదో రోజు ఏది? రాహేలు పెద్దల దగ్గరికి వెళ్ళి అడిగి వచ్చింది. మనిషి భక్తిపరురాలే, నోరు మాత్రం చురుకు.

"ఏమన్నారే?"

"వాడు ఇవాళే పుట్టాడన్నారు అక్కా. నిన్నా అదే అన్నారు. నా మనవడు రోజూ పుడుతున్నాడు. నా కోడలికి రోజూ కారం పెడుతున్నా."

పండగలూ లేవు. ఒకటి, ఏడు, పదిహేను, ఈ మూడు చంద్రపండగలకీ నెయ్యి, బెల్లం, కొత్త బియ్యం ఇచ్చేవాళ్ళు. ముప్పయ్యో రోజుకి ఏ పండగా లేదు. అది పోనీ. కిందికి పంపిన బియ్యం ఒక నెలకే. పంపు జల్లెడకి తగిలే చేపలు కాల్చుకుంటున్నాం అంది మీమా. ముళ్ళు చూసుకోమన్నాను. మాట్లాడినంతసేపూ దగ్గుతూనే ఉంది. పొలమారితే అంతసేపు ఉండదు.

ఉండలేక నెలపెద్ద నెహెమ్యా గారి దగ్గరికి వెళ్ళాను. చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"అయ్యా, ముప్పై దాటితే నెల దానంతట అదే మారిందని అనుకోకూడదా? అందరికీ తెలుసు గదా మారిందని."

"లెక్కపెట్టి తలుపు తెరిస్తే అది గడియారం కాదా, కెతూరమ్మా?"

గడియారాలు అబద్ధమాడిన ఏడు నా పెనిమిటీ, నా కూతురూ ఒకేసారి పోయారు. మిషన్లన్నీ కూడబలుక్కుని పోటు తగ్గిందని చెప్పాయి. తలుపు ఎత్తారు. తగ్గలేదు. పల్లపు వీధి మొత్తం నిద్రలోనే మునిగింది. ఆ రోజు నుంచి మిషను మాట మీదా, లెక్క మీదా తలుపు ఎత్తకూడదని ఒట్టు పెట్టుకున్నాం. ఆ ఒట్టులో నా చెయ్యీ ఉంది.

"నా తమ్ముడూ ఆ వీధిలోనే గదమ్మా" అన్నాడు ఆయన. "నీ మనవరాలు నా కళ్ళలోనే ఉంది. చూసినవాళ్ళని తీసుకురా. పరిగెత్తుకుంటూ వచ్చి కొమ్ము ఊదుతాను."

ఆబు నెల, ముప్పయ్యో రోజు

ఇవాళ పొద్దుగూకాక ఆకాశం ఒక చివర నుంచి ఇంకో చివర దాకా పాలలా వెలిగింది. పున్నమి అయి ఉంటుంది. సున్నం వెనక నిండు చంద్రుడు ఉన్నాడని గుడ్డివాడైనా చెబుతాడు. కాని వెలుగు సాక్ష్యానికి పనికిరాదు. ఆకారం కావాలి. అదీ మొదటి రాత్రి ఆకారం.

అంటే ఏలూలు తల మేం చూడకుండానే పోయింది. ఈ చంద్రుడు అరిగి, పోయి, మళ్ళీ సన్నగా పుట్టేదాకా పిల్ల కిందే ఉండాలి.

గొట్టంలో చెప్పాను.

"సరేలే అమ్మమ్మా. ఇక్కడ చల్లగా ఉంది. పైన మీకే ఉక్క."

దాని గొంతులో గురక ఉంది. అది నెమ్మే. నాకు తెలుసు.

ఆబు నెల, ముప్పయ్యో రోజు

దీపం వెలిగింది. చూశాను. చంద్రుణ్ణి చూశాను!

రోజూ దిబ్బ ఎక్కి ఎక్కి జనం విసిగిపోయారు. ఇప్పుడు నేనూ సాదోకే వెళ్తున్నాం. పాపం తన వాళ్ళెవరూ కింద లేకపోయినా నాతో వస్తాడు. మోకాళ్ళ నొప్పులని తిట్టుకుంటూ వస్తాడు. సూర్యుడు దిగాడు. గాలికి దీపం కొట్టుకుంటోంది. అంతలో పడమటి వైపు సున్నం చీలింది, గుడ్డ చిరిగినట్టు. ఆ చీలికలో ఉన్నాడు. గోరు తీసి పడేసినంత. దోనెలా, కొమ్ములు పైకి, కాస్త ఎడమకి వాలి.

"అదిగో, అదిగో సాదోకూ!" అని అరిచాను.

"ఏదీ?" అని లేచాడు. అప్పటికే మూసుకుపోయింది.

"ఎక్కడ వదినా?"

"ఇక్కడే! ఇప్పుడే! నువ్వు చూళ్ళేదూ?"

"నేను చూళ్ళేదు వదినా."

చీకటి పడేదాకా అక్కడే నిలబడ్డాం. మళ్ళీ తెరుచుకోలేదు. దిగుతూ దిగుతూ నేను ఏడుస్తూనే ఉన్నాను. అతను రెండుసార్లు ఆగాడు. మూడోసారి ఆగి, "ఎలా ఉందో నాకు మొత్తం చెప్పు" అన్నాడు.

"అబద్ధం చెబుతావా సాదోకూ?"

"నువ్వు చూసింది నిజమేగా. నిజాన్ని ఇంకో నోటితో చెబుతాను. అంతే."

ఎంత ఎత్తు, కొమ్ములు ఎటు, సూర్యుడు దిగిన చోటికి ఏ పక్కన, అన్నీ చెప్పాను. అప్పజెప్పించుకున్నాను. అతను నన్ను చూసి నవ్వి, "బడికి వెళ్ళినట్టుంది" అన్నాడు. రేపు తెల్లారగానే పెద్దల దగ్గరికి.

ఆబు నెల, ముప్పయ్యో రోజు

నా నోరు కాలిపోను.

నెలపెద్దలు పడమరకి వీపు పెట్టి కూచుంటారు. పెద్దలు తమ కళ్ళతో చూడకూడదు, సాక్షుల మాట వినాలంతే. అందుకని ఆ కూచునే పద్ధతి. నెహెమ్యా గారి ఒళ్ళో మట్టిపలక ఉంటుంది, దాని మీద చంద్రుడి బొమ్మలు. ఒకరు లోపలుంటే ఇంకొకరు బయట ఉండాలి.

ముందు సాదోకు వెళ్ళాడు. వచ్చాడు. నాకేసి చిన్నగా తల ఊపాడు. తర్వాత నేను.

"మబ్బులోంచి చూశావా, నీళ్ళలో నీడ చూశావా?"

"లేదయ్యా. నేరుగా."

"కొమ్ములు?"

"పైకి. ఎడమకి వాలి."

బొమ్మ చూపించాడు. అదే అన్నాను. ఆయన మొహం విప్పారింది. ఆ ముసలాయనా నాలాగే ఎదురు చూస్తున్నాడని అప్పుడు తెలిసింది. కొమ్ము మీద చెయ్యి కూడా వేశాడు. ఆఖరి మాటగా ఎంతో మెత్తగా అడిగాడు.

"ఎంతసేపు కనపడిందమ్మా?"

"ఎంతసేపయ్యా! సాదోకు వంగి వత్తి ఎగదోసి లేచేలోపే మూసుకుపోయింది."

చెప్పాక గాని వినపడలేదు నాకు నా మాట.

ఆయన కొమ్ము మీద నుంచి చెయ్యి తీసేశాడు. పక్కన కూచున్న పెద్దలు నేలకేసి చూశారు. నేను ఇంకేదేదో అన్నాను, సాదోకు ముందే చూశాడని, తర్వాతే వంగాడని. ఎంత మాట్లాడితే అంత చెడిపోయింది.

"నువ్వు చూశావు. నమ్ముతున్నాను" అన్నాడు నెహెమ్యా గారు. "ఒక్కరి కన్ను చాలదు."

సాదోకు మాట ఇక నెల విషయంలో చెల్లదన్నారు. చూపుల దిబ్బ ఎక్కకూడదన్నారు. బయటికొచ్చి అతని మొహం చూడలేకపోయాను.

"తిట్టు" అన్నాను. "నాలుగు తిట్టు."

"వత్తి ఆరితే ఆరనీ అని తలెత్తి ఉంటే అయిపోయేది వదినా" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

తిట్టింది రాహేలు. మా గుమ్మంలోకి వచ్చి మరీ తిట్టింది. "దొంగ సాక్ష్యమా అక్కా? పల్లపు వీధిలో పోయినవాళ్ళు గుమ్మాల్లో దీపాల దగ్గర కూచుని ఉండగానే?"

ఆబు నెల, ముప్పయ్యో రోజు

నిన్నా మొన్నా దిబ్బ నిండా జనం. నేను చూశానన్నాక అందరికీ ఆశ పుట్టింది. సున్నం కదల్లేదు.

గొట్టంలో మీమా గొంతు దూరం నుంచి వచ్చినట్టుంది. దగ్గడానికి కూడా ఓపిక లేదు దానికి.

"అమ్మమ్మా, ఏలూలు తర్వాత ఏ నెల?"

"తిష్రీ. గుట్ట పండగ నెల."

"తర్వాత?"

"మర్హెష్వాను. నాగలి విప్పే నెల. తర్వాత కిస్లేవు."

"చెప్పు. ఆపకు."

టెబేతు, షెబాటు, అదారు, బార్లీ కోతల నెల, మళ్ళీ నీసాను అంటూ చెప్పుకుంటూ పోయాను. సీవాను ఇటుకల నెల దాకా వచ్చేసరికి యాహేలు గొంతు వినిపించింది. "నిద్రపోయింది అమ్మమ్మా. దుప్పటి కప్పాను."

"పొడి దుప్పటేనా?"

పంపు దగ్గరికి వెళ్ళాలన్నాడు వాడు.

ఆబు నెల, ముప్పయ్యో రోజు

రాత్రే రాస్తున్నాను. కొమ్ము ఊదారు. ఇంకా వీధిలో జనం అరుస్తూనే ఉన్నారు.

సాయంత్రం సముద్రం మీద నుంచి పెద్ద గాలి వచ్చింది. దుప్పటి లాగేసినట్టు పడమటి సున్నం మొత్తం పోయింది. చంద్రుడు! అందరి నెత్తి మీదా, అందరి కళ్ళకీ! పిల్లలు గెంతారు. సాదోకు దిబ్బ కింద నిలబడి, కండువాతో మొహం తుడుచుకుంటున్నాడు.

తర్వాత ఒక్కొక్కరే నోళ్ళు మూశారు.

చంద్రుడు లావుగా ఉన్నాడు. గోరు ముక్క కాదు. కోసిన పుచ్చకాయ బద్దంత ఉన్నాడు. పుట్టి రోజులయింది. పలక మీద మొదటి రాత్రి బొమ్మ ఇలా ఉండదు. ఇలాంటి చంద్రుణ్ణి వెయ్యి మంది చూసినా నెల మారదు. మళ్ళీ సన్నటివాడు పుట్టేదాకా ఆగాల్సిందే.

మీమాకి అంత వ్యవధి లేదు.

నెహెమ్యా గారిని దిబ్బ మీదికి తీసుకొచ్చారు. పడమరకి వీపు పెట్టి పీట మీద కూచోబెట్టారు. వెన్నెల ఆయన భుజం మీద నుంచి ఒళ్ళో పలక మీద పడుతోంది. ఒక్కసారి తల తిప్పితే చాలు, ఆయనకే కనపడుతుంది. తిప్పలేదు.

"ఎవరు చూశారు?"

ఎవరూ కదల్లేదు. నేను వెళ్ళాను.

ఆయన మొదటి రాత్రి బొమ్మ మీద వేలు పెట్టాడు. "ఇలాగే ఉందా?"

ఊరంతా ఆకాశం కేసి చూస్తోంది. నేనూ చూస్తున్నాను. నా జన్మలో అంత స్పష్టంగా చంద్రుణ్ణి చూడలేదు.

"అలాగే ఉందయ్యా."

"ఇంకొకరు?"

సాదోకు మాట చెల్లదు. ఎవరూ రాలేదు. ఎంతసేపు అయిందో. గుడ్డలో చుట్టిన మనవణ్ణి కోడలి చేతికిచ్చి, రాహేలు ముందుకొచ్చింది. చంద్రుడికేసి చూళ్ళేదు. బొమ్మకేసి చూళ్ళేదు. నాకేసి కోపంగా చూసింది.

"గోరు ముక్కంత ఉంది" అంది. "నేనూ చూశాను."

కాదన్నవాళ్ళు ఒక్కరు లేరు. నెహెమ్యా గారు కొమ్ము నోట పెట్టుకున్నారు. మొదటిసారి ఊపిరి చాలలేదు. రెండోసారి మోగింది.

పరిగెత్తి గొట్టం దగ్గరికి వచ్చాను. "మీమా, నెల మారింది! పొద్దున్న పోటు తగ్గగానే తలుపు ఎత్తుతారు!"

"పడుకుంది అమ్మమ్మా" అన్నాడు యాహేలు.

"లేపి చెప్పరా."

"పడుకోనీ" అన్నాడు.

ఏలూలు నెల, తలరోజు

దీపం ఆర్పాను. గాలి పడమర నుంచి. ఆకాశం మళ్ళీ సున్నం.

బుట్టలో మొదట యెమీమాని పంపారు. దుప్పటి తల దాకా కప్పి ఉంది. దుప్పటి పిండితే నీళ్ళు కారేలా ఉంది.

ఎప్పుడు పోయిందో అడగలేదు. రాత్రి పోయి ఉంటే ఆబు నెలలో పోయినట్టు. పొద్దున పోయి ఉంటే ఏలూలులో. తెలుసుకుని ఏం చేసుకుంటాను?

నోరు తెరిచాను. రాహేలు నా నోటి మీద చెయ్యి వేసి నొక్కింది. కొత్త చీర కట్టుకుంది. చేతికి పసుపు వాసన.

"అక్కా, ఇవాళ తలరోజు. తలరోజున ఏడవకూడదు."

ఆమె చెయ్యి కొరికానేమో కూడా. తియ్యలేదు.

"అటు చూడు" అంది చెవిలో. చూశాను. నెలపెద్దలు తలుపు పక్కనే వరసగా నిలబడి ఉన్నారు. నెహెమ్యా గారి మొహం సున్నంలా ఉంది. "తల చూశానన్న సాక్షే తలరోజున ఏడిస్తే, అది తలరోజు కాదని నువ్వే చెప్పినట్టు. ఆ మాట పైకి వస్తే తలుపు దించెయ్యాలి వాళ్ళు. యాహేలు కిందే ఉన్నాడు. ఇంకా ముగ్గురు కిందే ఉన్నారు."

అర్థమయింది. తల ఊపాను. అప్పుడు చెయ్యి తీసింది. దాని అరచేతిలో నా పళ్ళ గుర్తులున్నాయి.

తలరోజున ఆడవాళ్ళు పని చెయ్యకూడదు. పిల్లకి స్నానం చేయించడానికి కూడా నాకు లేదు. సాదోకు, ఇంకో ఇద్దరు మగవాళ్ళు తీసుకెళ్ళారు. దాని జుట్టు ఎలా విప్పాలో వాళ్ళకి తెలియదు. చిక్కు పడితే లాగేస్తారేమో. మెల్లగా తియ్యమని చెప్పాను. మామూలు గొంతుతోనే చెప్పాను.

నాకూ కొత్త చీర తెచ్చి కట్టారు. గట్టు మీద కూచోబెట్టారు. ఆకులో బెల్లం అన్నం, మీద నెయ్యి. సాక్షికి మొదటి ఆకు వేస్తారు. పెద్దలు చూస్తున్నారు. ఒక ముద్ద పెట్టుకున్నాను. నమిలాను. మింగాను. రాహేలు పక్కన కూచుని, తన ఆకులోది తినకుండా నాకేసే చూస్తోంది.

చక్రం తిరుగుతోంది. తాడు తడిసి కిర్రుమంటోంది. యాహేలు వచ్చాడు, బతికే ఉన్నాడు, వాళ్ళమ్మ మీద పడి ఏడుస్తుంటే వాడి నోరూ మూశారు. రెండో అతను వచ్చాడు. మూడో అతను కాళ్ళు నిలవక మోకాళ్ళ మీద పడ్డాడు.

కొత్త ఐదుగురు బియ్యం మూటలతో తలుపు దగ్గర నిలబడ్డారు. వాళ్ళకి ఎన్నాళ్ళో వాళ్ళు అడగలేదు. ఎవరూ చెప్పలేదు.

ఇంకొకతను లోపలే ఉన్నాడు. నేను ఇంకో ముద్ద కలుపుతున్నాను.